పట్టా వద్దన్న బడి

1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు నవలల పోటీ బహుమతిని ఇద్దరికి పంచింది. ఒకరు ‘వేయిపడగలు’ రాసిన విశ్వనాథ సత్యనారాయణ, రెండోవారు ‘నారాయణరావు’ రాసిన అడివి బాపిరాజు. సాహిత్యం చదివిన వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. ఆ ఇద్దరూ బందరులో ఒకే బడిలో పాఠాలు చెప్పారు. విశ్వనాథ అక్కడ కొంతకాలం తెలుగు చెప్పారు. బాపిరాజు అక్కడ బొమ్మలు వేయడం నేర్చుకుని, సరిగ్గా ఆ 1934లోనే దానికి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. తమాషా ఏమిటంటే ఆ బడి పుట్టిందే విశ్వవిద్యాలయాలకు ఒక దండం పెట్టి. సర్కారు గుర్తింపు అక్కర్లేదు, సర్కారు గ్రాంటు అక్కర్లేదు, మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా అసలే అక్కర్లేదు అని మొదలైన బడి అది. అలాంటి చోట పనిచేసిన ఇద్దరికి ఒక విశ్వవిద్యాలయం ఒకే పోటీలో బహుమతి ఇవ్వవలసి వచ్చింది.

ఆ బడి పేరు ఆంధ్ర జాతీయ కళాశాల. ఊళ్లో పెద్దవాళ్లు నేషనల్ కాలేజీ అంటారు, కాగితాల మీద ఏజే కళాశాల. ఇప్పుడది కృష్ణా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచే డిగ్రీ కళాశాల. బీకాం, బీఎస్సీ, ప్రవేశాలు, పరీక్ష ఫీజు గడువులు, స్కాలర్‌షిప్పు దరఖాస్తులు. పైపైన చూసి వెళ్లిపోయేవాళ్లకు జిల్లాలోని మరో కాలేజీకీ దీనికీ తేడా కనిపించదు. నూట పదిహేనేళ్లలో అది మారిన తీరు మాత్రం జిల్లాలో వేరే ఏ కాలేజీకీ లేదు. గురువులూ శిష్యులూ ఒకేచోట ఉండి చదువూ చేతిపనీ కలిపి సాగించిన జాతీయ విద్యాలయం, ఒక్కో తరం వచ్చి ఒక్కో ప్రశ్న అడిగినప్పుడల్లా కొంత వదులుకుంటూ, కొంత నిలుపుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది.

అసలు బందరులోనే ఎందుకు పుట్టింది? దీనికి జవాబు ఊరి చరిత్రలో ఉంది. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ ఈ రేవుకు వచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందే డచ్చివాళ్లు దిగారు. అద్దకం బట్టలు ఇక్కడి నుంచి పర్షియాకూ యూరపుకూ పోయేవి. పంతొమ్మిదో శతాబ్దం నడిమికి వచ్చేసరికి రేవు నీరసించింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది. కానీ వ్యాపారం పోయిన ఊళ్లో చదువు మిగిలింది. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1843లో తెరిచిన ఇంగ్లీషు బడి నోబుల్ కాలేజీగా ఎదిగి, కృష్ణా మండలంలో మధ్యతరగతి కుటుంబాల పిల్లలను తాసీల్దార్లుగా, ప్లీడర్లుగా, డాక్టర్లుగా తయారు చేస్తోంది. పంతొమ్మిదో శతాబ్దం చివర రఘుపతి వెంకటరత్నం నాయుడు వంటి గురువు అక్కడ పాఠాలు చెప్పారు. ఆ కాలేజీ మీద తిరుగుబాటు చేసింది బయటివాళ్లు కాదు. అందులోనే చదివి పైకొచ్చిన ముగ్గురు స్నేహితులు.

కోపల్లె హనుమంతరావు ఎంఏ, బీఎల్. ప్లీడరు గుమాస్తాను పెట్టుకుని హాయిగా బతకగల చదువు. ముట్నూరి కృష్ణారావు దివి తాలూకా ముట్నూరులో పుట్టినవారు, 1907 నుంచి కృష్ణా పత్రిక సంపాదకులు. ఆ కుర్చీలో 1945లో చనిపోయేదాకా ఉన్నారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య డాక్టరు, బందరులో ప్రాక్టీసు. తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడైన పట్టాభి ఈయనే. 1905లో బెంగాల్‌ను విడదీశారు. 1906లో కలకత్తాలో జాతీయ విద్యా పరిషత్తు పుట్టి, అరవిందుడు ప్రిన్సిపాల్‌గా ఒక జాతీయ కళాశాల మొదలైంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశం అంతా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. ఆ పర్యటనలో ఆయన పక్కనే ఉన్న తెలుగువాడు ముట్నూరి. ఉపన్యాసాలు విని ఆవేశపడినవాళ్లు అప్పట్లో వేలమంది. ఆవేశం చల్లారాక కూడా పట్టు వదలనివాళ్లు ఈ ముగ్గురు. మూడేళ్లు తిరిగి, ఒప్పించి, చందాలు పోగు చేసి, 1910 మార్చి 27న బడి తెరిచారు.

ముగ్గురిలో పని పంచుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ముట్నూరి పత్రికలో రాస్తారు. పట్టాభి ఊళ్లో పలుకుబడి, లెక్కలు, సభలు చూసుకుంటారు. బడి బరువంతా హనుమంతరావుది. సర్కారు గ్రాంటు తీసుకోకూడదంటే ఆ డబ్బు మరెక్కడి నుంచో రావాలి కదా. ఆయన గడపగడపకూ తిరిగారు. జమీందార్లను అడిగారు, రైతులను అడిగారు, వకీళ్లను అడిగారు. పన్నెండేళ్లు ఆ బడినే నమ్ముకుని, 1922లో నలభై రెండేళ్లు దాటీ దాటకముందే వెళ్లిపోయారు. ‘వేయిపడగలు’లో కేశవరావు పాత్రకు ఆయనే మూలమని విమర్శకులు చెబుతూ వచ్చారు. స్వతంత్రంగా నడిచే బడికి ఉండే అసలు చిక్కు ఆయన జీవితంలోనే కనిపిస్తుంది. ఒక మనిషి కాళ్లమీద నడిచే సంస్థ, ఆ మనిషి ఆగిపోతే ఏమవుతుంది?

ఆ సంగతికి వచ్చేముందు, బడిలో ఏం చెప్పేవారో చూడాలి. తెలుగుకు పెద్దపీట. పుస్తకాల చదువుతో పాటు వడకడం, నేయడం, వడ్రంగం, యంత్రాల పని, వ్యవసాయం, చిత్రలేఖనం. అప్పటి కాలేజీ చదువుకు ఇది పూర్తిగా ఎదురు. నోబుల్ కాలేజీ కుర్రాడికి మిల్టన్ వచ్చు, ఉలి పట్టుకోవడం రాదు. ఇక్కడ రెండూ రావాలన్నది పట్టుదల. ఇలాంటి ప్రయత్నాలు అప్పుడు దేశంలో అక్కడక్కడా ఉన్నాయి. 1901లో రవీంద్రుడు శాంతినికేతనంలో పిల్లలను చెట్ల కింద కూర్చోబెట్టారు. 1902లో గంగ ఒడ్డున కాంగడీ గురుకులం వచ్చింది. బందరు బడి వాటి వరసలోదే, కాకపోతే ఇది అడవిలోనో ఆశ్రమంలోనో కాకుండా, రేవూ కచేరీలూ కాలువ పడవలూ ఉన్న జిల్లా కేంద్రంలో, నోబుల్ కాలేజీ ఉన్న ఊళ్లోనే పెట్టారు. పోటీ ఎవరితోనో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

అక్కడ పాఠాలు చెప్పినవాళ్లలో పింగళి వెంకయ్య ఒకరు. 1910ల్లో ఆయన ఇక్కడ పిల్లలకు వ్యవసాయం, చరిత్ర చెప్పారు. గుర్రపు స్వారీ, కవాతు కూడా నేర్పారు. పత్తి మీద పరిశోధనతో పత్తి వెంకయ్య, జపాను భాష పట్టుబడి జపాన్ వెంకయ్య, గనుల గొడవలో పడ్డాక డైమండ్ వెంకయ్య. ఒక్క మనిషికి ఇన్ని పేర్లు పెట్టిన ఊరు ఆయన్ను కొంచెం వింతగా, కొంచెం గర్వంగా చూసి ఉండాలి. 1916లో భారతదేశానికి ఒక జెండా ఉండాలని ముప్పై నమూనాలతో ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చు వేయించారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీకి ఆయన అందించిన నమూనా, మార్పులు చేర్పులతో మన జెండాకు దారి తీసింది. జెండా కథ అందరికీ తెలుసు. దాని వెనకున్న సంవత్సరాల్లో ఆయన ఒక బడిపంతులు అనీ, విశ్వవిద్యాలయం సిలబస్ లేని చోట ఉండబట్టే పత్తి, జపాను భాష, గుర్రాలు, జెండాలు అన్నిటిమీదా ఒకేసారి మనసు పెట్టగలిగారనీ నాకనిపిస్తుంది. ఆయన పుట్టిన భట్లపెనుమర్రు బందరుకు దూరమేమీ కాదు, మొవ్వ మండలం.

1921 ఏప్రిల్‌లో గాంధీ బందరు వచ్చారు. సహాయ నిరాకరణ కాలం. సర్కారు కాలేజీలు వదిలి రమ్మంటే దేశమంతా కుర్రాళ్లు వచ్చేశారు, వాళ్లకోసం రాత్రికి రాత్రి జాతీయ విద్యాలయాలు లేచాయి. విశ్వనాథ కూడా అప్పుడు చదువు మానేసిన కుర్రాళ్లలో ఒకరు. పదకొండేళ్లుగా ఒంటరిగా ఏటికి ఎదురీదుతున్న బందరు బడికి ఒక్కసారిగా దేశమంతా తోడొచ్చినట్టయింది. ఆ తోడు ఎన్నాళ్లో నిలవలేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత ఉద్యమం ఆగింది, కుర్రాళ్లు తిరిగి కాలేజీల దారి పట్టారు, కొత్తగా వెలిసిన జాతీయ పాఠశాలలు చాలావరకు మూతపడ్డాయి. అదే ఏడాది హనుమంతరావు పోయారు. ఏ లెక్కన చూసినా ఈ బడి కూడా అప్పుడే మూతపడాలి.

మూతపడలేదు. దాని కథలో అన్నిటికన్నా అందమైన అధ్యాయం అప్పుడే మొదలైంది. ప్రమోద కుమార్ చటోపాధ్యాయ అనే బెంగాలీ చిత్రకారుడు వచ్చి చిత్రకళా శాఖ బాధ్యత తీసుకున్నారు. ఆంధ్రులు చటర్జీ అనే పిలిచారు. ఆయన వెంట అవనీంద్రనాథ ఠాకూరు సంప్రదాయం బందరు చేరింది. ఆ పద్ధతిలో రంగు పూయడం కన్నా కడగడం ఎక్కువ. కాగితం మీద గీత గీసి, పలచగా రంగు పరిచి, ఆరాక మొత్తం కాగితాన్ని నీళ్లలో తడిపి, పైన మరో పొర పలచన రంగు, మళ్లీ తడపడం. ఇలా పొర మీద పొర వేస్తూ పోతే బొమ్మ అంచులు కరిగి, దూరం నుంచి మంచు తెర వెనక ఉన్నట్టు కనిపిస్తుంది. 1903 ప్రాంతంలో కలకత్తా వచ్చిన జపాను చిత్రకారుల దగ్గర అవనీంద్రుడు పట్టుకున్న కిటుకు ఇది. జపాను నుంచి కలకత్తాకు, కలకత్తా నుంచి బందరుకు. ఆ తేమ గాలిలో కాగితం ఆరడానికి ఎంతసేపు పట్టేదో అని నాకొక సందేహం.

అప్పుడే జైలుకు వెళ్లొచ్చిన బాపిరాజు చటర్జీ దగ్గర చేరారు. గుర్రం మల్లయ్య, కౌతా రామమోహన శాస్త్రి వంటివాళ్లు ఆ తరగతి నుంచే వచ్చారు. ఇదే సమయంలో గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు ఇంకో దారి తీస్తున్నారు. ఆయన ప్రతిభను గుర్తించింది అక్కడి సర్కారు కాలేజీ ప్రిన్సిపాల్, ఇంగ్లీషువాడైన కూల్డ్రే. బొంబాయి జేజే స్కూలులో చదివి వచ్చిన రామారావు 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. ఆధునిక ఆంధ్ర చిత్రకళకు ఈ రెండు ఊళ్లూ రెండు పుట్టిళ్లు. ఒకచోట సర్కారు ప్రిన్సిపాల్ చలవ, రెండోచోట సర్కారు వద్దన్న బడి చలవ. ఏది గొప్పదని తేల్చే పని మనకెందుకు గానీ, బందరులో చిత్రకళను సరదాకు నేర్పే అదనపు తరగతిగా చూడలేదు. మగ్గం, ఉలి, కుంచె ఒకే కప్పు కింద ఉన్నాయి. ఆ వాతావరణంలో పెరిగిన బాపిరాజు నవలలు రాశారు, పాటలు రాశారు, బొమ్మలు వేశారు, సినిమాలకు కళాదర్శకత్వం చేశారు, 1934 నుంచి 1939 దాకా ఆ బడినీ నడిపారు. త్రివేణి పత్రిక పెట్టిన కోలవెన్ను రామకోటీశ్వరరావు కూడా కొంతకాలం ఇక్కడ పనిచేసినవారే.

అయినా పిల్లల ఇళ్లలో ఒక ప్రశ్న రోజూ ఎదురవుతూనే ఉంది: చదివాక ఏమిటి? ముట్నూరి వ్యాసాలు చదివి చప్పట్లు కొట్టిన రైతే, కొడుకును చేర్పించే వేళకు పట్టా వస్తుందా అని అడిగేవాడు. తప్పని నేననను. కృష్ణా కాలువల కింద రెండో పంట పండి, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న కుటుంబం కొడుకును బస్తీకి పంపేది గుమాస్తాగానైనా నిలబడతాడని. స్వరాజ్యం వచ్చేలోపు ఆ కుర్రాడు తినాలి. 1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టాక పాత అభ్యంతరంలో సగం పస పోయింది. మద్రాసు విశ్వవిద్యాలయం పరాయిది, ఆంధ్ర విశ్వవిద్యాలయం మనదే కదా. కాలక్రమంలో జాతీయ కళాశాల గుర్తింపు పొందిన కళాశాలల వరసలో చేరింది, ప్రభుత్వ సాయం తీసుకునే ఎయిడెడ్ సంస్థ అయింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. 2008లో బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం వెలిసింది. విశ్వవిద్యాలయమే వద్దని మొదలుపెట్టిన బడి ఉన్న ఊళ్లోకి, వందేళ్లు నిండడానికి రెండేళ్ల ముందు, విశ్వవిద్యాలయమే నడిచి వచ్చింది.

దీన్ని ఓటమి అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు, ఎందుకంటే తోటి సంస్థలన్నీ అదే దారిలో నడిచాయి. శాంతినికేతనం 1951లో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. కలకత్తా జాతీయ కళాశాల వంశమే 1955లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం. కాంగడీ గురుకులానికి 1962లో విశ్వవిద్యాలయ హోదా దక్కింది. పట్టా వద్దన్నవాళ్లంతా చివరకు పట్టాలిచ్చేవాళ్లయ్యారు. బందరు మాత్రం మధ్యలో ఆగి, ఇంకొకరి పట్టా అందించే చిన్న కళాశాలగా మిగిలింది. ఠాకూరు వంటి ప్రపంచ ప్రఖ్యాతి గల పోషకుడు లేడు, కలకత్తా వంటి నగరం లేదు. ఉన్న ముగ్గురిలో ఒకరు పోయారు, ఒకరు పత్రికకు అంకితమయ్యారు, మూడోవారిని రాజకీయాలూ సంస్థలూ లాక్కున్నాయి. పట్టాభి 1923లో ఇదే ఊళ్లో లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు తెరిచారు. అది వేల కోట్లకు ఎదిగి, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బడి కలవలేదు, పేరుతో సహా నిలిచింది. ఒకే మనిషి చేతి మీదుగా లేచిన రెండు సంస్థల్లో చిన్నదే పేరు నిలబెట్టుకోవడం బాగుంది.

చివరిదాకా స్వతంత్రంగానే ఉన్న ఆవాస విద్యాలయం కావాలంటే మదనపల్లె దగ్గర రిషీవ్యాలీకి పోవాలి. జిడ్డు కృష్ణమూర్తి తలపుతో 1926 ప్రాంతంలో మొదలైన ఆ బడి ఇప్పటికీ కింది తరగతుల్లో తన పాఠాలు తానే తీర్చుకుంటుంది. దాని వెనక ఒక ఫౌండేషన్ ఉంది, ఫీజు కట్టగల కుటుంబాలున్నాయి. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం చిన్న బడులు పెట్టి, అట్టల మీద పాఠాలు రాసి పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతిని తయారు చేసి దేశానికి ఇచ్చింది. అది ఒక దారి. బందరు బడి తన ఊరివాళ్ల పిల్లలకే, ఊరివాళ్లు కట్టగలిగినంతలోనే చెబుతానంది. అందుకు చెల్లించిన మూల్యం స్వతంత్రం. రెండింటినీ ఒక త్రాసులో తూచడం అన్యాయం.

బందరు నుంచి పామర్రు వైపు వచ్చి దివిసీమ దిక్కుగా తిరిగితే ఇదే కథ ఇంకో వేషంలో కనిపిస్తుంది. కూచిపూడిలో నాట్యం వందల ఏళ్లు ఇంటి విద్య. గురువు వసారాలో, గురువు ఇంటి తిండి తింటూ, తెల్లవారుజామున అడుగులు వేస్తూ నేర్చుకున్నది. 1950ల చివర ఏలూరు వకీలు, రంగస్థల నటుడు బందా కనకలింగేశ్వరరావు పూనికతో సిద్ధేంద్ర కళాక్షేత్రం లేచింది. భాగవతుల కుటుంబాల మగపిల్లల విద్య బయటి పిల్లలకు, ఆడపిల్లలకు తెరుచుకుంది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చాక ఆ బడి దాని పరిధిలోకి చేరి, సర్టిఫికెట్లు, డిప్లొమాలు మొదలయ్యాయి. భామాకలాపానికి పరీక్ష పెట్టి మార్కులు వేయడమేమిటని గొణిగినవాళ్లున్నా, పట్టా ఉన్న నాట్యాచార్యుడికే కదా బడిలో ఉద్యోగం.

ఇంకా దక్షిణానికి, చల్లపల్లి దాటి అవనిగడ్డ పోతే నేల మారుతుంది, ఉప్పు వాసన తగులుతుంది. 1977 నవంబరు 19న దాదాపు ఐదు మీటర్ల ఎత్తున లేచిన సముద్రం ఈ సీమను ముంచింది. పోయినవాళ్లు పది వేలకు పైనే. ఆ తర్వాత తీరమంతా స్తంభాల మీద నిలబెట్టిన తుఫాను షెల్టర్లు కట్టారు. గాలివాన లేని రోజుల్లో వాటిలో చాలాచోట్ల బడి నడిచింది. ఏడాదిలో మూడు వందల అరవై రోజులు పలకలు, మిగతా ఐదు రోజులు ఊరంతా ప్రాణాలు అరచేత పట్టుకుని పైకెక్కే చోటు. బడి కట్టడం ఎలా ఉండాలో ఇక్కడ సముద్రం చెప్పింది.

అదే అవనిగడ్డ ఇప్పుడు ఉపాధ్యాయ పరీక్షల శిక్షణకు రాష్ట్రమంతటా పేరు. డీఎస్సీ నోటిఫికేషన్ పడిందంటే శ్రీకాకుళం నుంచీ అనంతపురం నుంచీ సంచులు భుజాన వేసుకుని వచ్చేస్తారు. హాస్టళ్లు, మెస్సులు, గదులు అద్దెకిచ్చే ఇళ్లు, జిరాక్సు కొట్లు, స్టడీ హాళ్లు. ఊరే ఒక ఆవాస విద్యాలయమైపోతుంది. నోటిఫికేషన్ లేని ఏళ్లలో మెస్సుల పొయ్యిలు చల్లబడతాయి. 2018 తర్వాత చాలాకాలం అంతే. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో జరిగేసరికి మళ్లీ కళ వచ్చింది. హనుమంతరావు గుర్తింపు లేని చదువు చెప్పడానికి డబ్బు అడుక్కుంటూ తిరిగారు. ఇక్కడ పరీక్ష దాటించే చదువుకు జనమే డబ్బు పట్టుకుని వస్తారు. రెండూ సర్కారుకు బయటే నడిచే సంస్థలు. ఆ పోలిక కొంచెం ఇబ్బంది పెట్టేదే, అయినా చెప్పకుండా ఉండలేను.

గుడివాడ వైపు దారి ఇంకొంచెం నిబ్బరంగా ఉంటుంది. 1950లో ఊరి పెద్దలు పెట్టిన కళాశాలకు, వీధిబడి దాటి పెద్దగా చదవని అక్కినేని నాగేశ్వరరావు భారీ విరాళమిస్తే ఆయన పేరే పెట్టుకున్నారు. పుట్టిన పల్లె గుడివాడ పక్కనే. పామర్రు దగ్గర నిమ్మకూరులో ఎన్టీఆర్ సొంత ఊళ్లో ప్రభుత్వ గురుకులం ఉంది. 1971లో పీవీ నరసింహారావు హయాంలో సర్వేలులో మొదలైన గురుకులాల పరంపరలోది. గురువులూ పిల్లలూ ఒకేచోట ఉండాలన్న పాత జాతీయవాదుల ఊహను సర్కారే తీసుకుని, ప్రవేశ పరీక్ష పెట్టి, పేద పిల్లలకు ఉచితం చేసింది. ఆ తర్వాత వచ్చిన కార్పొరేట్ రెసిడెన్షియళ్ల సంగతి వేరే చెప్పాలా, గోడ నిండా ర్యాంకుల ఫ్లెక్సీలే చెబుతాయి.

మళ్లీ బందరుకు. ఈ మధ్య అయిదారేళ్లలో డిగ్రీ కాలేజీల మీద వచ్చిపడినన్ని మార్పులు అంతకు ముందు యాభై ఏళ్లలో రాలేదేమో. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థల ముందు ఒక ప్రశ్న పెట్టింది: సాయం తీసుకునే సిబ్బందినో, సంస్థనో ప్రభుత్వానికి అప్పగిస్తారా, లేక సొంతంగా నడుపుకుంటారా? తల్లిదండ్రులు రోడ్డెక్కాక, ఉన్నట్టే ఉండే వీలూ ఇచ్చారు. అదే ఏడాది నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. తెలుగుకు పెద్దపీట వేసిన కళాశాల ఉన్న ఊళ్లో ఈ మార్పు చివుక్కుమనిపిస్తుంది. కానీ పక్కనే ఇంకో మార్పు ఉంది. 2020–21 నుంచి రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు నైపుణ్య కోర్సులు, మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. పుస్తకంతో పాటు చేతిపనీ రావాలట. 1910లో బందరులో మగ్గాలూ బాడిసెలూ పెట్టినప్పుడు ఇది చదువే కాదన్న వ్యవస్థ, నూట పదేళ్లకు దాన్నే జీవోగా ఇచ్చింది.

ఆ చేతిపనికి ఊళ్లో చోటూ లేకపోలేదు. 1926లో బడుల ప్రయోగశాలలకు పరికరాలు చేయడానికి ఇక్కడే మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది. స్కూలు పిల్లల కటకాలు చేసిన సంస్థ ఇప్పుడు సైన్యానికి రాత్రిపూట చూసే దుర్భిణులు తయారు చేస్తోంది. 2023 మేలో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. పెడనలో అద్దకం బల్లల మీద కలంకారీ ఇంకా సాగుతోంది. ఇప్పటి కుర్రాడికి వీటిలో ఏది నేర్పాలన్న ప్రశ్న 1910 నాటి ప్రశ్నకు తమ్ముడే. తేడా అల్లా, అప్పుడు జవాబు ముగ్గురు స్నేహితులు రాశారు, ఇప్పుడు ఉన్నత విద్యామండలి రాస్తోంది.

చూడాలనుకుంటే విజయవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి బస్సులు రోజంతా దొరుకుతాయి. ఎనిమిదేళ్ల పిల్లాడికి కూడా విసుగు రాని దారి, ఎక్కువ భాగం పొలాలూ కాలువలే. రైలు కావాలంటే గుడివాడ మీదుగా వస్తుంది. కళాశాల చదువులు నడిచే చోటు కాబట్టి పనిదినాల్లో ముందుగా ఆఫీసులో అడిగి వెళ్లడం మర్యాద. పరీక్షల రోజుల్లో వద్దు. ఒక రోజు బందరుకు, పెడనకు సరిపోతుంది. పెడన సుమారు పది కిలోమీటర్లు. రెండో రోజు పామర్రు దారిలో కూచిపూడి, మొవ్వ, భట్లపెనుమర్రు చూసుకుని, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరవచ్చు. అక్కడి నుంచి పులిగడ్డ వారధి దాటితే రేపల్లె వైపు పాత గుంటూరు సీమ. అక్టోబరు, నవంబరు నెలల్లో బయల్దేరేముందు వాతావరణ హెచ్చరికలు చూసుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇబ్బంది లేదు. బందరు తొక్కుడు లడ్డూ మాత్రం తిరుగు ప్రయాణంలోనే కొనండి, ముందే కొంటే అవనిగడ్డ చేరేసరికి డబ్బాలో మిగలదు.